మినిట్స్ బుక్కులో ఖాళీ గీతలు

మా అమ్మకి నా పదవి ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. పక్కింటివాళ్లతో "మావాడు విద్యా కమిటీలో ఉన్నాడు" అంటుంది. విద్యా కమిటీలు పోయి ఏళ్లు దాటాయి అమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట మారదు. ఆమె తప్పు కూడా కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం చేసి బడికో విద్యా కమిటీ పెట్టినప్పుడు మా ఊళ్లో జరిగిన హడావుడి అలాంటిది. అప్పట్లో విద్యా కమిటీ చైర్మన్ అంటే సర్పంచ్ తర్వాత సర్పంచ్. ఆ కుర్చీ కోసం మా బాబాయ్ ఒకాయన మా నాన్నతో ఆరు నెలలు మాట్లాడలేదు. గెలిచాక బడి గుమ్మం ఎన్నిసార్లు తొక్కాడో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

నాది విద్యా కమిటీ కాదు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. ఊళ్లో అందరూ ఎస్‌ఎంసీ అంటారు, కాగితాల మీద పాఠశాల యాజమాన్య కమిటీ అని ఉంటుంది. 2009 విద్యా హక్కు చట్టం, అదే 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది కదా, దాని 21వ సెక్షన్ కింద వచ్చినది. బడుల్ని బాగుచేసిన నాడు-నేడు పథకం రోజుల్లో దీన్నే పేరెంట్స్ కమిటీ అనేవాళ్లు. కాంట్రాక్టర్ లేకుండా సిమెంటు, ఇసుక, టైల్స్ కమిటీయే కొనాలన్నారు కాబట్టి అప్పుడు మళ్లీ ఊళ్లో దాని మీద కొంచెం ఆసక్తి పుట్టింది. పని అయిపోయాక ఆసక్తి కూడా అయిపోయింది. పేర్లు ఎన్ని మారినా హెచ్‌ఎం బీరువాలో ఉండే మినిట్స్ బుక్కు మాత్రం ఒక్కటే. ఎర్ర అట్ట లాంగ్ బుక్కు, పైన బ్రౌన్ పేపరు, దాని మీద స్కెచ్ పెన్నుతో స్కూలు పేరు. ఈ పోస్టు ఆ బుక్కు గురించే అనుకోండి.

నేను ఇందులో వైస్ చైర్మన్ని. ఊళ్లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. ఆధార్ జిరాక్సులు, అడంగల్ ప్రింట్లు, హాల్ టికెట్లు, ఫోన్ రీచార్జులు. మా అమ్మాయి మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి. ఇద్దరు టీచర్లు, అరవై చిల్లర పిల్లలు.

2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ అంతా ఒకేరోజు ఎస్‌ఎంసీ ఎన్నికలు పెట్టారు. అప్పటికి మా పిల్ల నాలుగో తరగతి. వారం ముందే తరగతుల వారీగా తల్లిదండ్రుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించారు. అందులో నా పేరు చూసుకుని నవ్వుకున్నాను, ఓటర్ల జాబితాల ప్రింట్లు ఎన్నో తీసిచ్చాను గానీ ఇంత పొట్టి జాబితా ఎప్పుడూ చూళ్లేదు. నాలుగో తరగతికి పదకొండు పేర్లు.

లెక్క ఇలా ఉంటుంది. తరగతికి ముగ్గురు సభ్యులు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలి. ఎస్సీ, ఎస్టీల్లాంటి వర్గాల పిల్లల తల్లిదండ్రుల నుంచి ఒకరు, బలహీన వర్గాల నుంచి ఒకరు. ఐదు తరగతులంటే పదిహేను మంది, అందులో పదిమందికి తక్కువ కాకుండా ఆడవాళ్లు. చట్టంలో సగం మహిళలు చాలన్నారు, మన రాష్ట్రం నిబంధనల్లో ఇంకో మెట్టు పైకెళ్లింది. మగవాళ్లకి మిగిలేది తరగతికి ఒక్క చోటు. ఈ సంగతి తెలియక మా వీధిలో ఇద్దరు మగవాళ్లు ఒకే తరగతికి పోటీకి దిగి, తీరా అక్కడ ఒకరి భార్యని నిలబెట్టి సర్దుకున్నారు.

సగం మంది తల్లిదండ్రులు లేకపోతే ఎన్నిక చెల్లదు. మా తరగతికి పొద్దున పదింటికి ఐదుగురమే ఉన్నాం. ఇంకొకరు కావాలి. అటెండరు లేని బడి కాబట్టి నేనే బండేసుకుని పొలం దాకా వెళ్లి ఒకాయన్ని కలుపుతీత మధ్యలోంచి ఎక్కించుకొచ్చాను. ఆయన కాళ్లకి బురదతోనే వచ్చి, చెయ్యెత్తి, నా వైపు చూసి "ఇంతేనా? ఇక పోవచ్చా?" అన్నాడు. అలా నేను గెలిచాను. చేతులెత్తే ఎన్నికే, బ్యాలెట్ పెట్టెలేమీ లేవు, గొడవ పడితే రహస్య ఓటు పెట్టొచ్చు గానీ మా దగ్గర అంత అవసరం రాలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాత, చైర్‌పర్సన్ దగ్గర. ఎన్నికైన పదిహేను మంది తమలోంచి ఒక చైర్‌పర్సన్ని, ఒక వైస్‌ని ఎన్నుకోవాలి. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. ఊళ్లో ఒక పెద్దమనిషి అప్పటికే చీటీ మీద రెండు పేర్లు రాసి పంపించాడు. రెండూ మగ పేర్లే. హెచ్‌ఎం మేడం చీటీ చదివి, మడిచి, "సార్‌కి రూల్ తెలిసినట్టు లేదు" అని టేబుల్ సొరుగులో పడేసింది. ఒకటో తరగతి పిల్లాడి తల్లి, మిరప కోతలకి వెళ్లే ఒక అక్క, మూలన నిలబడి ఉంది. మహిళా సంఘంలో లీడర్‌గా చేసిన మనిషి. ఆడవాళ్లంతా ఆమె పేరే చెప్పారు. ఆమె "నాకెందుకమ్మా, నాకు పనులుంటాయ్" అంటూనే వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చున్న పద్ధతి చూస్తే వద్దన్న మనిషిలా లేదు.

మేం పదిహేను మందిమి కాక పదవి రీత్యా వచ్చేవాళ్లు కొందరుంటారు. హెచ్‌ఎం సభ్య కన్వీనర్. అంటే మీటింగు పిలిచేదీ, రాసేదీ, పుస్తకం దాచేదీ ఆమే. ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, నామినేట్ చేసే టీచర్ ఒకరు (ఇద్దరు టీచర్ల బడిలో ఇందులో నామినేషన్ ఏముందో నాకర్థం కాదు). వార్డు మెంబరు, అంగన్‌వాడీ టీచర్, ఏఎన్‌ఎం, గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలు. ఇంకో ఇద్దర్ని దాతలో, పూర్వ విద్యార్థులో చూసి కమిటీయే కలుపుకోవచ్చు. సర్పంచ్ సభ్యుడు కాదు, కావాలంటే మీటింగుకి రావచ్చు. మా సర్పంచ్ ఒకసారి వచ్చాడు, జెండా రోజున.

మా వదిన వాళ్లది తెలంగాణలో ఖమ్మం వైపు. వాళ్లకి 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని పెట్టారు. అక్కడ గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. "మాకు ఎన్నికల గోలే లేదయ్యా, సంఘం అధ్యక్షురాలైతే చాలు" అంటుంది వదిన. పని తొందరగా అవుతుందేమో గానీ ఆ కుర్చీలో ఉన్న మనిషికి ఆ బళ్లో బిడ్డ ఉండాలన్న షరతు ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. బిడ్డ ఉన్నవాళ్లకి బాత్రూంలో నీళ్లు రాలేదన్న సంగతి సాయంత్రానికల్లా తెలుస్తుంది.

ఎన్నికైన వారానికే నా నెట్ సెంటర్ ఫిర్యాదుల సెంటర్ అయిపోయింది. "ఫలానా మాస్టారుని మార్పించు." "మా పిల్లకి ఇంగ్లీషు రావట్లేదు, ఇంకో టీచర్ని వేయించు." ఇవేవీ మా చేతిలో లేవు. టీచర్ల నియామకం డీఎస్సీ, బదిలీలు ప్రభుత్వానివి, పాఠాలు ఎస్‌సీఈఆర్‌టీవి, సెలవులు హెచ్‌ఎం, ఎంఈఓలవి. మండలానికి ఇప్పుడు ఎంఈఓ-1, ఎంఈఓ-2 అని ఇద్దరున్నారు, పైన డీఈఓ. ఇంకో తమాషా ఏంటంటే, బడి బోర్డు మీద ఎంపీపీ స్కూల్ అని ఉంటుంది కదా. మా ఊళ్లో ఒక పెద్దాయన శ్లాబు కారుతోందని నేరుగా మండలాధ్యక్షుడు ఎంపీపీ గారి ఇంటికే వెళ్లాడు, "మీ స్కూలే కదండీ, మీ పేరే రాసుంది" అని. మండల పరిషత్ ప్రైమరీకీ, మండల పరిషత్ ప్రెసిడెంటుకీ ఒకే పొట్టి పేరు పెట్టిన వాళ్లని అనాలి.

మరి మా చేతిలో ఉన్నదేమిటి? చట్టం నాలుగు ముక్కల్లో చెప్పింది. బడి ఎలా నడుస్తోందో చూడటం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన గ్రాంట్లు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం, ప్రభుత్వం అప్పగించిన ఇతర పనులు. చదవడానికి చప్పగా ఉంటుంది. కానీ రెండోదానికి 22వ సెక్షన్లో ఒక మాట ఉంది. ఆ ప్రణాళికే ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆధారం కావాలని. అంటే కాగితం మీద చూస్తే డబ్బు పైనుంచి కిందికి రావడానికి ముందు లెక్క కిందినుంచి పైకి వెళ్లాలి.

మేం ఆ ప్రణాళిక నిజంగానే రాశాం. మూడేళ్లకి ఒకటి, ఏడాదికొక ముక్కగా. ఏ తరగతిలో ఎంతమంది ఉంటారు, ఎంతమంది టీచర్లు కావాలి, ఏ గది, ఏ గోడ, అన్నీ. అందులో నాకు దొరికిన ఒక లెక్క చెప్తాను. విద్యా హక్కు చట్టం చివర షెడ్యూలు ఉంటుంది. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. మా బళ్లో ఆ రోజుకి 62 మంది. నేను గబగబా "మూడో టీచర్ కావాలి, చట్టం ప్రకారం" అని రాసేశాను. హెచ్‌ఎం మేడం పెన్ను పట్టుకుని నన్ను చూసి, "రాయండి. జూన్‌లో ఎంతమంది మిగుల్తారో అది కూడా రాయండి" అంది. ఐదో తరగతి నుంచి పద్నాలుగు మంది వెళ్లిపోతారు. ఒకటికి ఎంతమంది వస్తారో తెలీదు. పక్కూరి ప్రైవేటు స్కూలు పసుపు బస్సు మా వీధి చివరిదాకా వస్తోంది మరి.

ఆ వేసవిలో కమిటీలో ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగారు. వాళ్లు అడిగే తీరు వేరు. టీచర్లయితే "ప్రభుత్వ బడిలో చేర్చండి, కిట్ ఇస్తాం, భోజనం పెడతాం" అంటారు. మా చైర్‌పర్సన్ అక్క అయితే నేరుగా "బస్సు ఫీజుకి ఏడాదికి ఎంత కట్టావు? ఆ డబ్బుతో ఏం చేసేదానివి?" అని అడిగింది. ఆ లెక్క ముందు కిట్టూ భోజనమూ ఏ మూలకి! జూన్ చివరికి 64 తేలాం. టీచర్ మాత్రం ఇంకా ఇద్దరే. మా ప్రణాళిక మండల ఆఫీసులో ఏదో ర్యాకులో ఉంది. రసీదు జిరాక్సు నా దగ్గరుంది.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ స్కూల్ గ్రాంటు అని వస్తుంది, పిల్లల సంఖ్యని బట్టి. 30 మంది దాకా ఏడాదికి 10 వేలు, 31 నుంచి 100 దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు, 1,000 దాకా 75 వేలు, ఆపైన లక్ష. మాకు 25 వేలు. అందులో పదో వంతు శుభ్రతకే పెట్టాలి. మిగిలిన దాంట్లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు, చిన్నచిన్న రిపేర్లు. ఊళ్లో చాలామంది ఎస్‌ఎంసీ అంటే లక్షలు తిరుగుతాయనుకుంటారు. పెళ్లిలో షామియానా వాడి బిల్లు ఇంతకంటే ఎక్కువ.

పైగా ఆ 25 వేలు మా ఖాతాలో ఉండవు. 2021 తర్వాత పద్ధతి మారింది. డబ్బు రాష్ట్రం దగ్గర ఒకే ఖాతాలో ఉంటుంది, మాకు ఇంత దాకా వాడుకోవచ్చని లిమిట్ మాత్రం చూపిస్తుంది. వాడాలంటే పీఎఫ్‌ఎంఎస్ అనే ప్రభుత్వ చెల్లింపుల సైటులో ఒక లాగిన్‌తో బిల్లు ఎక్కించాలి, ఇంకో లాగిన్‌తో దాన్ని ఆమోదించాలి, పీపీఏ అని బ్యాంకుకిచ్చే చెల్లింపు కాగితం ప్రింటు తీయాలి, సంతకాలు పెట్టి గడువులోగా బ్యాంకులో ఇవ్వాలి. మార్చి 31 దాటితే వాడని లిమిట్ గాల్లో కలిసిపోతుంది. ఈ పని అంతా మా మండలంలో సగం బళ్లకి నెట్ సెంటర్లలోనే జరుగుతుంది. మార్చి చివరి వారంలో నా షాపు ముందు హెచ్‌ఎంల బండ్లు వరసగా ఆగుతాయి. సర్వరు తిరుగుతూనే ఉంటుంది. ఓటీపీ ఇంట్లో మర్చిపోయిన ఫోనుకి వెళ్తుంది.

గతేడాది బోరు మోటారు కాలిపోయింది. బాత్రూముల్లో నీళ్లు లేవు. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇళ్లకి పరిగెత్తుతున్నారు. లిమిట్‌లో డబ్బుంది. కానీ వైండింగ్ చేసేవాడికి సైటులో వెండర్‌గా పేరెక్కించి, అతని బ్యాంకు ఖాతా కలిపి, అది ఆమోదమై, అప్పుడు బిల్లు పెట్టాలి. అతను "అన్నా, మూడు వేల రెండు వందలు చేతిలో పెడితే సాయంత్రానికి తిప్పుతా, లేదంటే మీ కంప్యూటర్‌తోనే తిప్పించుకోండి" అన్నాడు. మేడం తన పర్సులోంచి ఇచ్చింది. ఆ డబ్బు ఆమెకి తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ సంగతి ఊళ్లో చెబితే నమ్మరు. సర్కారు బడి హెచ్‌ఎం అంటే తినేవాళ్లే గానీ పెట్టేవాళ్లు కాదని వాళ్ల లెక్క.

ఆమె గురించి ఇంత చెప్పాక అసలు విషయానికొస్తాను, ఎందుకంటే ఆమెతోనే మాకు గొడవైంది.

మొదటి రెండు మీటింగులు ఇలా జరిగాయి. మేం వెళ్లి కూర్చునేవాళ్లం. టీ వచ్చేది. మేడం నాలుగు విషయాలు చెప్పేది. మేం తలలూపేవాళ్లం. ఫోటో దిగేవాళ్లం, అది సాయంత్రంలోగా పంపాలి కాబట్టి. తర్వాత మినిట్స్ బుక్కు వరసగా తిరిగేది. పేజీ పైన తేదీ, "హాజరైన సభ్యులు" అని ఒక లైను. కింద వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం. మధ్యలో పదిహేను, పదహారు లైన్లు ఖాళీ. తీర్మానం మేడం ఇంటికెళ్లి రాత్రి తీరిగ్గా రాసుకునేది.

ఇందులో మోసం ఉందని నేను అనను. ఆమెకి రోజుకి ఎన్ని యాప్‌లు! టీచర్ల హాజరు ముఖం చూపించి, పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క, బాత్రూముల ఫోటోలు. రెండు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఇవన్నీ చేస్తుంది. మా ఎదుట కూర్చుని తీర్మానం రాసే తీరిక ఆమెకి లేదు. నాక్కూడా అప్పుడు అది తప్పనిపించలేదు. నేను సంతకం గిలికి షాపుకి వచ్చేసేవాణ్ని.

మూడో మీటింగులో బుక్కు చైర్‌పర్సన్ అక్క దగ్గరికి వచ్చింది. అక్క ఏడో తరగతి దాకా చదివింది. సంతకం నిదానంగా పెడుతుంది, ఒక్కో అక్షరం విడివిడిగా. ఆ రోజు పెన్ను మూత తీసి, ఖాళీ లైన్ల మీద వేలు పెట్టి, "మేడం, ఇక్కడేముంటది?" అంది.

"తీర్మానం అమ్మా. తర్వాత రాస్తాను."

"అయితే సంతకం కూడా తర్వాతే పెడతాలే" అని పెన్ను మూత పెట్టేసింది.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేడం మొహం ఎర్రబడింది. "అంటే నా మీద నమ్మకం లేదా?" అంది. అక్క ఏమాత్రం గొంతు పెంచకుండా, "నమ్మకం సంగతి కాదు మేడం. మా సంఘంలో ఒకసారి ఇట్టాగే ముందు సంతకాలు పెట్టాం. లీడరు మంచిదే. ఆమె మొగుడు ఆ పేజీలో అప్పు రాయించుకున్నాడు. పది మందిమి రెండేళ్లు కట్టాం. అప్పట్నించి చదివి వినిపిస్తే గానీ ఎవరమూ సంతకం పెట్టం" అంది.

డ్వాక్రా పుస్తకాల్లో ఇంత చదువు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఎస్‌ఎంసీ శిక్షణ అని మాకు ఒక పూట క్లాసు పెట్టారు, బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చారు, పుస్తకం ఇచ్చారు. అందులో సెక్షన్లున్నాయి గానీ ఈ ముక్క లేదు.

గొడవ పెద్దది కాకుండా నేను మధ్యలో దూరి, "నేను రాస్తా మేడం, మీరు చెప్పండి" అన్నాను. రాయడం నా పనే కదా, రోజూ జనం అర్జీలు రాసేది నేనే. ఇరవై నిమిషాలు పట్టింది. రాశాక గట్టిగా చదివాను. ఒక చోట "సభ్యులందరూ ఏకగ్రీవముగా హర్షము వ్యక్తము చేసిరి" అని మేడం చెప్పింది, అలవాటు కొద్దీ. రెండో తరగతి పిల్ల తల్లి ఒకామె "నేనేం హర్షించలేదే, బియ్యం ముక్కిపోయాయని కదా అన్నాను" అంది. అందరూ నవ్వారు, మేడం కూడా నవ్వింది. ఆ లైను కొట్టేసి బియ్యం సంగతి రాశాం. (ఆ బియ్యం గోల 2025 జూన్‌లో సన్నబియ్యం వచ్చాక తీరింది. మీటింగుల్లో అందరికంటే ఎక్కువసేపు మాట్లాడిన విషయం ఒక్క బస్తా మార్పుతో మాయమైపోయింది. ఇప్పుడు గుడ్ల సైజు గురించి మాట్లాడుకుంటున్నాం.)

సంతకాలు పెట్టబోయే ముందు అక్క ఇంకో పని చేసింది. నేను రాసింది పది లైన్లు. కింద ఆరు లైన్లు ఖాళీ మిగిలాయి. అక్క స్కేలు అడిగి తీసుకుని ఆ ఆరు లైన్ల మీదుగా ఒక మూల నుంచి ఇంకో మూలకి అడ్డంగా గీత కొట్టించింది. "ఇంక దీంట్లో ఎవరూ ఏమీ రాయలేరు" అని చెప్పి, అప్పుడు సంతకం పెట్టింది. నిదానంగా, అక్షరం అక్షరం.

ఆ గీత విలువ కొన్ని నెల్ల తర్వాత తెలిసింది. 2025 మొదట్లో బడుల పునర్వ్యవస్థీకరణ అన్నారు. తరగతుల్నీ టీచర్లనీ సర్దిన పాత జీవో 117 తీసేస్తాం, మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెడతాం, తరగతికో టీచర్ ఉంటారు, చుట్టుపక్కల బడుల మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని అక్కడికి పంపండి అని. దానికి కమిటీ తీర్మానం కావాలన్నారు. తరగతికో టీచర్ అంటే ఎవరికి చేదు? నేను ఇవాళ్టికీ ఆ ఆలోచన చెడ్డదనను. కానీ మోడల్ స్కూలు పక్కూళ్లో. మధ్యలో నాలుగు లైన్ల రోడ్డు. మాకు వచ్చిన నమూనా కాగితంలో "మేము సమ్మతిస్తున్నాము" అని ముందే టైపు చేసి ఉంది, కింద సంతకాలకి చోటు.

పాత పద్ధతే అయితే టీ తాగి సంతకాలు పెట్టేసేవాళ్లం. ఈసారి కాగితం పక్కనపెట్టి మినిట్స్ బుక్కు తీశాం. ఒకటి నుంచి ఐదు తరగతుల బడి పిల్ల ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలని మన రాష్ట్ర విద్యా హక్కు నిబంధనల్లోనే ఉంది. అది రాశాం. రోడ్డు సంగతి రాశాం. రవాణా ఇస్తే ఆలోచిస్తామని కూడా రాశాం, అది నా పట్టుదల, ఒట్టి కాదు అనడం నాకు నచ్చదు. ఇద్దరు తల్లులు మాత్రం "మా పిల్లలు వెళ్తే బాగుంటుంది" అన్నారు. అది కూడా పేర్లతో సహా రాశాం. ఆ పేజీ మూడు జిరాక్సులు తీసి మండల ఆఫీసులో ఇచ్చాం. చివరికి మా బడి ఉన్నచోటే ఉంది. మా తీర్మానం వల్లో, మోడల్ స్కూల్లో గదులు చాలకో, ఎవరు చెప్పగలరు? ఆ ఇద్దరు తల్లుల్లో ఒకామె ఇప్పటికీ నా మీద గుర్రుగానే ఉంది. ఆమెదీ న్యాయమే. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు ఎలా నడుస్తాయో రోజూ చూస్తున్నాను.

ఇంకో పోరు మీటింగు టైము గురించి. పొద్దున పదిన్నరకి పెడితే మిరప కోతల రోజుల్లో ఎవరొస్తారు? జనవరి నుంచి మార్చి దాకా మా ఊరి ఆడవాళ్లు ఆరింటికే ఆటో ఎక్కేస్తారు. మీటింగుకి ఆగితే కూలి పోతుంది. మెంబర్లకి రూపాయి ఇవ్వరు కదా. పదిమంది ఆడవాళ్లు ఉండాలని రూలు రాసినవాళ్లు, ఆ పదిమంది ఎన్నింటికి ఇంటికొస్తారో అడగలేదు. నాలుగింటికి పెట్టండి అంటే టీచర్లకి నాలుగున్నర బస్సు పోతుంది, తర్వాతి బస్సు ఆరున్నరకి. రెండు నెలలు దీని మీదే నడిచింది. చివరికి కోతల రోజుల్లో మాత్రం రెండో శనివారం ముందురోజు నాలుగింటికి, మీటింగు అయ్యాక మేడంని బస్టాండు దాకా నేను బండి మీద దింపాలి అని తేలింది. అది కూడా బుక్కులో రాసి ఉంది, నా పేరుతో. మా ఆవిడ చదివి చాలాసేపు నవ్వింది.

ఈ ఏప్రిల్‌తో మా అమ్మాయి ఐదో తరగతి అయిపోతుంది. టీసీ తీసుకుని హైస్కూలుకి వెళ్తుంది. బిడ్డ బళ్లో లేకపోతే తల్లిదండ్రులకి సభ్యత్వం ఉండదు. కమిటీకి ఆగస్టుతో రెండేళ్లు నిండుతాయి గానీ నాది అంతకుముందే ముగుస్తుంది. ఈ కమిటీలో నాకు నచ్చిన రూలు ఏదైనా ఉందంటే అదే. 

మొన్నటి మీటింగులో ఇదే చెప్పాను. వచ్చే నెల నుంచి బుక్కు ఎవరు రాస్తారో చూసుకోండి అని. అక్క చుట్టూ చూసి, ఒకటో తరగతి పిల్లాడి తల్లిని పిలిచింది. కొత్తగా వచ్చిన మెంబరు, ఇంటర్ చదివింది, మీటింగుల్లో నోరు విప్పదు. ఆమె "అమ్మో, నా రైటింగ్ బాగోదు" అంటూనే బుక్కు లాక్కుంది. నిజంగానే అక్షరాలు పెద్దవి, ఒక్కో లైనుకి నాలుగైదు మాటలే పట్టాయి. మార్చి లోపల గ్రాంటు బిల్లు పెట్టడం, కిటికీ రెక్క, ఒకటో తరగతికి వచ్చే పిల్లల జాబితా. మూడు విషయాలకి రెండు పేజీలయ్యాయి. చదివి వినిపించింది, మొదట మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా. సంతకాలకి బుక్కు నా వైపు జరిపింది.

"ఆగు తమ్ముడూ" అంది అక్క. రెండో పేజీ కింద ఐదు లైన్లు ఖాళీగా ఉన్నాయి. స్కేలు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.